తలకు పదిహేడు డాలర్లు

2020 మే నెలలో అమెరికా వ్యవసాయ శాఖ ఒక పట్టికను ప్రకటించింది. కరోనా వల్ల నష్టపోయిన రైతులకు ఏ పంటకు ఎంత, ఏ పశువుకు ఎంత అన్నది అందులో ఉంది. మొక్కజొన్న, సోయా, పాలు, ఉన్ని, గొర్రెలు, ఎద్దులు, పందులు. పందుల వరుసలో నూట ఇరవై పౌనుల లోపువి, ఆ పైవి అని విభాగాలున్నాయి. జనవరి 15కూ ఏప్రిల్ 15కూ నడుమ అమ్మినవి, ఆ తర్వాత కొట్టంలో మిగిలినవి అని కాలవిభజన ఉంది. ఇంత వివరంగా పందుల లెక్క తీసిన ఆ పట్టికలో, ఆ పందులను తన షెడ్డులో పెట్టుకుని ఆరు నెలలు సాకే మనిషికి మాత్రం వరుస లేదు. ఈ సంగతి మీద అప్పట్లో ఇక్కడి పత్రికలలో కొంత చర్చ జరిగింది గానీ, తెలుగులో ఎవరూ రాసినట్టు నా కంటబడలేదు. మనకెందుకీ పందుల గోల అనుకునే మిత్రులు కాస్త ఓపిక పట్టి చదవగలరు.

మాట నేల విడిచి సాము కాకుండా ఒక చోటు ఎంచుకుంటాను. అయోవా రాష్ట్రపు వాయవ్య మూలన సూ కౌంటీ అని ఒకటుంది. కౌంటీ అంటే పాలనలో మన జిల్లా వంటిది, జనాభాలో మన మండలం పాటి కూడా ఉండదు. 2020 జనగణన ప్రకారం ఈ కౌంటీలో ఉన్నవారు 35,872 మంది. ఒకనాడు ఆ నేలమీద తిరిగిన మూలవాసుల పేరు కౌంటీకి మిగిలింది, నేల మాత్రం వారికి మిగలలేదు. 1870లో అదే రాష్ట్రంలోని పెల్లా నుంచి డచ్చివారు బళ్ళు కట్టుకుని వచ్చి స్థిరపడ్డారు. కౌంటీ ముఖ్యపట్టణం ఆరెంజ్ సిటీలో ఇప్పటికీ ఏటా మే నెలలో తులిప్ పూల పండుగ చేస్తారు. 2020లో అది జరగలేదు. మనుషుల సంఖ్య ఇదయితే పందుల సంఖ్య పది లక్షల పైమాట. మనిషి ఒక్కింటికి పాతిక పైచిలుకు పందులు. ఇవిగాక మాంసానికి మేపే పశువులు, పాడి, గుడ్ల కోళ్ళు. వ్యవసాయోత్పత్తుల అమ్మకంలో అయోవాలోని తొంభై తొమ్మిది కౌంటీలలో దీనిదే మొదటి స్థానం.

రాజకీయంగా కూడా ఈ ఊళ్ళకు ఒక చిన్న ఖ్యాతి ఉంది. తాను ఫిఫ్త్ అవెన్యూ నడిబొడ్డున నిలబడి ఎవరినైనా కాల్చినా ఒక్క వోటు పోదని ట్రంపు 2016 జనవరిలో అన్నది ఈ కౌంటీలోని సూ సెంటర్ పట్టణపు కళాశాలలోనే. 2020 నవంబరులో ఇక్కడ అతనికి నూటికి ఎనభైకి పైగా వోట్లు పడ్డాయి. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని, ఎవరి కాళ్ళమీద వారు నిలబడాలని గట్టిగా నమ్మే జనం. అదే ఏడు అమెరికా రైతులకు అందిన ప్రభుత్వ సొమ్ము మొత్తం 4,500 కోట్ల డాలర్లు దాటింది. అంతకుముందెన్నడూ ఏ ఒక్క ఏడాదీ అంత ముట్టలేదు. కరోనా పథకపు మొదటి విడతలో అన్నిటికన్నా ఎక్కువ అందుకున్న రాష్ట్రం అయోవా. దీన్ని ఎత్తిచూపి నవ్వడం సులభం, చాలామంది నవ్వారు కూడా. నాకు ఆ నవ్వులో పాలు పంచుకోవాలని లేదు. ఆపదలో చెయ్యి చాపినవాడి సిద్ధాంతాన్ని అడగడం మర్యాద కాదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది.

అసలు నష్టం ఎలా వచ్చిందో ముందు చూడాలి. పందుల పెంపకం ఇవాళ ఒక గొట్టంలో నీళ్ళు పారినట్టు సాగుతుంది. ఒక చోట పిల్లలు పుడతాయి, మరొక చోట పెరుగుతాయి, దాదాపు ఆరు నెలలు నిండి 280 పౌనుల బరువు తూగగానే లారీ ఎక్కుతాయి. షెడ్డు కడిగి ఆరబెట్టేలోగా తర్వాతి దండు వచ్చి దిగుతుంది. ఈ క్రమంలో ఎక్కడా తెరపి లేదు. వడ్లయితే గాదెలో పోసి ధర వచ్చేదాకా ఆగవచ్చు, పంది ఆగదు. రోజుకు రెండు పౌనులు పెరుగుతూనే ఉంటుంది. మరీ పెద్దదయితే కబేళాలోని కొక్కేలకూ యంత్రాలకూ ఇమడదు.

2020 ఏప్రిల్‌లో ఆ గొట్టం చివర మూతపడింది. సూ కౌంటీ పందులు వెళ్ళే దారిలో గంట, గంటన్నర ప్రయాణదూరంలో రెండు మహా కబేళాలున్నాయి. ఒకటి దక్షిణ డకోటా రాష్ట్రం సూ ఫాల్స్‌లోని స్మిత్‌ఫీల్డ్ వారిది, మరొకటి మిన్నెసోటా రాష్ట్రం వర్దింగ్టన్‌లోని జేబీఎస్ వారిది. సూ ఫాల్స్‌లో అప్పట్లో సుమారు 3,700 మంది పనిచేసేవారు. దేశపు పంది మాంసంలో నూటికి నాలుగయిదు పాళ్ళు ఆ ఒక్క కప్పు కిందనుంచే వచ్చేది. భుజం భుజం రాసుకుంటూ కత్తులతో నిలబడే ఆ వరసల్లో జబ్బు కార్చిచ్చులా పాకింది. ఏప్రిల్ 12న సూ ఫాల్స్ మూసివేత ప్రకటించారు, వారం దాటగానే వర్దింగ్టన్ మూతపడింది. నెలాఖరుకు దేశం మొత్తం మీద పందుల వధ దాదాపు 40 శాతం పడిపోయింది. అవతల హోటళ్ళు, బడులు మూతపడి కొనుగోళ్ళు తగ్గాయి. నగరాల్లో మాంసపు అరలు ఖాళీ, పల్లెల్లో షెడ్లు క్రిక్కిరిసి ఉన్నాయి. రైతులు మేతలో మాంసకృత్తులు తగ్గించారు, షెడ్డులో వేడి పెంచారు, ఎట్లాగయినా ఎదుగుదల మందగించాలని. అప్పటికీ చోటు చాలనివారు ఆరోగ్యంగా ఉన్న జంతువులను చంపి పాతిపెట్టారు. కొన్ని చోట్ల గాలిమరలు ఆపేసి, వేడి పెట్టి చంపారు. దీని గురించి ఇంతకన్నా వివరంగా రాయలేను. తినడానికి పెంచినదే అయినా, ఎవరూ తినకుండా అలా పోవడం రైతును కుంగదీసిందంటే నమ్మదగిన మాటే.

ఈ నేపథ్యంలో ఏప్రిల్ 17న ప్రభుత్వం 1,900 కోట్ల డాలర్ల పథకం ప్రకటించింది. అందులో 1,600 కోట్లు రైతులకు నేరుగా, 300 కోట్లు ఆహారం కొని పెట్టెలు కట్టి పేదలకు పంచడానికి. ఆ పెట్టెల్లో ఎన్నికల ముందు అధ్యక్షుడి సంతకంతో ఉత్తరాలు కూడా పెట్టారు. రేషను సంచి మీద ముఖ్యమంత్రి బొమ్మకు అలవాటుపడ్డ మనకు అది వింతగా తోచదు.

మే 26 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. జనవరి నడిమి నుంచి ఏప్రిల్ నడిమి వరకు అమ్మిన పెద్ద పందికి 18 డాలర్లు, చిన్నదానికి 28. ఏప్రిల్ 16కూ మే 14కూ మధ్య రైతు ఎంచుకున్న రోజున కొట్టంలో ఉన్న ప్రతి పందికీ 17 డాలర్లు. వధకు సిద్ధమైన మేపుడు పశువును అమ్మి ఉంటే తలకు 214 డాలర్లు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు. ముగ్గురు భాగస్వాములు తలా 400 గంటలు పనో పర్యవేక్షణో చేశామని చూపిన కంపెనీకి ఏడున్నర లక్షలు. తొమ్మిది లక్షలకు మించి వార్షికాదాయం ఉన్నవారికి లేదు, అయితే ఆ ఆదాయంలో మూడు వంతులు వ్యవసాయం మీద వచ్చినదయితే ఉంది. రైతు తన లెక్క తానే రాసి సంతకం పెడితే చాలు. అడిగితే తప్ప రుజువులు చూపనక్కరలేదు. మొదట 80 శాతం చెల్లించి, నిధులు చాలుతాయని తేలాక మిగతాది ఇచ్చారు.

ఈ వేగాన్ని నేను తప్పుపట్టను. కౌంటీ వ్యవసాయ కార్యాలయం తలుపులు మూసుకుని ఉంది, గుమాస్తాలు ఇళ్ళనుంచి ఫోన్లలో మాట్లాడుతున్నారు. అట్లాంటి రోజుల్లో గ్రామం గ్రామం తిరిగి పంచనామాలు రాసి అసలు నష్టం తేల్చాలంటే డబ్బు వచ్చేసరికి రైతు ఉండడు. తల లెక్కన ఇవ్వడం మొరటు పద్ధతే, కాని ఆ పూటకు అదే సరయినది. మన దగ్గర తుపాను నష్టపరిహారం ఎన్నాళ్ళకు చేతికందుతుందో ఎరిగినవారెవరూ దీన్ని కాదనరు.

నా అభ్యంతరం తలను లెక్కపెట్టడంతో కాదు. ఎవరి పేరిట లెక్కపెట్టారన్న దానితో. రెండు ఇళ్ళు ఊహించండి, పక్కపక్కనే. మొదటి ఇంటివాడు సొంత పందులు పెంచుతాడు. ఆ మూడు నెలల్లో మూడు వేల పెద్ద పందులు అమ్మాడు, రెండు వేలు కొట్టంలో ఉన్నాయి. 54,000, ఆపై 34,000, వెరసి 88,000 డాలర్లు. సెప్టెంబరులో ప్రకటించిన రెండో విడతలో కొట్టంలోని పందికి 23 చొప్పున మరి 46,000. రెండో ఇంటివాడికి 2,400 పందులు పట్టే షెడ్లు రెండున్నాయి. షెడ్లు అతనివి, వాటి మీది బ్యాంకు అప్పు అతనిది, కరెంటు బిల్లు అతనిది, అర్ధరాత్రి గాలిమర ఆగితే పరుగెత్తే కాళ్ళు అతనివి, కుళ్ళిన కళేబరాన్ని ఈడ్చవలసిన చేతులూ అతనివే. పందులు మాత్రం అతనివి కావు. పిల్లలను, మేతను, మందులను కంపెనీ పంపుతుంది. అతనికి పెంపకపు కూలి ముడుతుంది. 4,800 పందులున్న ఆ ఇంటికి 2020లో ఈ పథకం కింద వచ్చింది సున్న.

శాఖవారి తర్కం ఇది: నష్టం ధర పడిపోవడం వల్ల వచ్చింది, ధర మీద ఎవరు జూదమాడుతున్నారో వారికే పరిహారం, పెంపకందారుకు ధరతో నిమిత్తం లేదు కనుక నష్టమూ లేదు. వినడానికి నున్నగా ఉంది. సగం నిజం కూడా. పందుల ఒప్పందాల్లో చాలావాటిలో పెంపకందారుకు చోటును బట్టి ఏడాదికి ఇంత అని ఇస్తారు, పంది లారీ ఎక్కినా ఎక్కకపోయినా అది వస్తుంది. కోళ్ళ పెంపకందారు పరిస్థితి అంతకన్నా అధ్వానం, అతనికి తూకం మీదనే కూలి. కాని తల లెక్కన కట్టిన ఒప్పందాలూ ఉన్నాయి. దండుకూ దండుకూ మధ్య షెడ్డు ఖాళీగా పడి ఉంటే వాటిలో రాబడి లేదు, బ్యాంకు వాయిదా మాత్రం ఉంటుంది. నిండిన షెడ్డులో ఆరు వారాలు అదనంగా పనిచేసినవాడికి ఆ చాకిరీ లెక్కలోకి రాలేదు. ధర ఒక్కటే నష్టభయమని ఎవరు నిర్ణయించారు? అప్పు నష్టభయం కాదా?

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. దీన్ని చాలామంది విమర్శకులు గమనించలేదు. ఆ రెండో ఇంటి పందుల సొమ్మంతా కంపెనీ మింగిందని రాశారు. నిజానికి పెద్ద కంపెనీకి రెండున్నర లక్షల పరిమితి ఎంత తొందరగా తగులుతుందో లెక్కకట్టి చూడండి. తలకు 17 చొప్పున 14,706వ పంది దగ్గర ఆగిపోతుంది. ఏడున్నర లక్షలయినా 44,118వ పంది దగ్గర. లక్షలాది పందులున్న సంస్థకు ఆ పైన ఒక్క డాలరు రాదు. అంటే ఈ కౌంటీలోని ఎన్నో షెడ్లలో ఉన్న పందుల పేరిట కంపెనీకీ రాలేదు, పెంపకందారుకూ రాలేదు. పరిమితి పెట్టినది పెద్దలను అడ్డుకోవడానికే, మంచిదే. కాని పెద్దను అడ్డుకున్న గీత వెనకాల చిన్నవాడు కూడా నిలిచిపోయాడు. రాసినవారు దుర్మార్గులని నేననను. వారికి కనిపించిన రైతు బొమ్మ పాతకాలపుది. తన కొట్టం, తన పంది, తన సంత. ఆ రైతు సూ కౌంటీలో ఇంకా ఉన్నాడు, కాని దేశం మొత్తం మీద పందుల పెంపకంలో అతని పాలు ఎన్నో ఏళ్ళుగా తరుగుతూ వస్తున్నది.

లోపం తెలిశాక దిద్దారు కూడా, ఆ మాట చెప్పకపోవడం న్యాయం కాదు. 2020 డిసెంబరులో కాంగ్రెసు చేసిన చట్టంలో ఒప్పందపు పెంపకందారుల ప్రస్తావన వచ్చింది. 2021 ఆగస్టులో శాఖ నియమాలు ప్రకటించింది: 2018లో గాని 2019లో గాని వచ్చిన రాబడితో 2020 రాబడిని పోల్చి, తగ్గినదానిలో 80 శాతం ఇస్తామని. దరఖాస్తుకు అక్టోబరు 12 గడువు. సొంత పందులవాడికి తల లెక్కన సంతకం చాలింది. పెంపకందారు మాత్రం రెండేళ్ళ రాబడి పక్కపక్కన పెట్టి నష్టాన్ని నిరూపించుకోవాలి. పదిహేను నెలలు ఆలస్యం. మొదటివాడిని నమ్మారు, రెండోవాడిని లెక్క అడిగారు.

ఇది మనకు కొత్త కథ కాదు. తెలుగునాట బ్రాయిలరు కోళ్ళలో ఇదే ఏర్పాటు ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నది. పిల్లలు కంపెనీవి, షెడ్డు రైతుది, కిలోకు ఇంత కూలి. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారుకు ధర నేలకు కరుచుకుపోయింది. హైదరాబాదులో మంత్రులు వేదిక మీద కోడికూర తిని చూపించవలసి వచ్చింది. కౌలు సంగతి సరేసరి. 2018 మేలో తెలంగాణలో మొదలయిన రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, తర్వాత 5,000, పట్టాదారు ఖాతాలో పడింది. దున్నిన కౌలుదారుకు అందలేదు. ఈ ఒక్క విషయంలో అమెరికా పద్ధతి మనకన్నా మెరుగన్నది ఒప్పుకోవాలి. కరోనా పథకంలో పైరు సొమ్ము పంట మీద నష్టభయం ఎవరిదో వారికి, అంటే నగదు కౌలు అయితే కౌలుదారుకే, వెళ్ళింది. పాలు పంచుకునే కౌలయితే ఇద్దరికీ పంచారు. పొలంలో అంత తెలివిగా ఉన్న చట్టం పందుల షెడ్డు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు కళ్ళు మూసుకుంది? కారణం చరిత్రలో ఉందని నా అనుమానం.

1933లో, మహామాంద్యపు అడుగున, అమెరికా ప్రభుత్వం మొదటిసారి రైతుకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ అయోవావాడే. ధర పెంచడానికి ఆ ఏడు అరవై లక్షల పందిపిల్లలను ప్రభుత్వమే కొని చంపించింది. ఆకలితో జనం వరుసల్లో నిలబడిన రోజుల్లో అది ఎంత దుమారం లేపిందో ఊహించుకోవచ్చు. దక్షిణాదిన పత్తి చేలు దున్నివేయడానికి డబ్బిచ్చారు. ఆ డబ్బు భూస్వామి చేతికి ఇచ్చి, పాలికాపుకు అతని వాటా నువ్వే పంచు అన్నారు. చాలామంది పంచలేదు. పైగా సాగు తగ్గింది కాబట్టి పాలికాపు అక్కరలేదని ఇళ్ళనుంచి వెళ్ళగొట్టారు. దాని ఫలితంగానే 1934లో ఆర్కన్సా రాష్ట్రం టైరొంజాలో నల్లవారూ తెల్లవారూ కలిసి దక్షిణ కౌలురైతుల సంఘం పెట్టుకున్నారు. ఆ పాలికాపుల పక్షాన నియమాలు మార్చబోయిన శాఖలోని న్యాయవాదులను 1935లో వాలెసే ఉద్యోగాల నుంచి తొలగించాడు. తర్వాత వాలెస్ ఉదారవాదుల ఆరాధ్యుడయ్యాడు, అది వేరే సంగతి. ఈ కాలంలోనే పుట్టినవి కౌంటీ రైతు సంఘాలు. రైతులే ఎన్నుకునే ఆ సంఘాలు ఇప్పటికీ కౌంటీ కార్యాలయాల పక్కన ఉన్నాయి. ఊరి సంగతి ఊరివారికే తెలుసునన్నది మంచి సూత్రమే. ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో వారికే తెలుసునన్నది దాని వెనుక నీడ.

ఆ నీడ ఎంత పొడుగో 2021 మార్చిలో వ్యవసాయ మంత్రి విల్సాక్ (ఆయన అయోవా మాజీ గవర్నరు) చెప్పిన లెక్క వల్ల తెలుస్తుంది. కరోనా సహాయం 2,600 కోట్ల డాలర్లలో నల్లజాతి రైతులకు చేరింది 2 కోట్ల 8 లక్షలు, నూటికి 0.1 పాలు. 2017 వ్యవసాయ గణనలో వారు నూటికి ఒకటికి మించే ఉన్నారు. చిన్న కమతాలు, పశువులు తక్కువ. తల లెక్క, బస్తా లెక్క అయినప్పుడు ఉన్నవాడికే ఎక్కువ చేరడం లెక్కల ధర్మం. దిద్దుబాటుగా 2021లో పెట్టిన 400 కోట్ల రుణమాఫీ కోర్టుల్లో ఆగి, 2022 ఆగస్టులో రద్దయింది. సూ కౌంటీలో ఈ గీత కనిపించదు, అక్కడ రైతులు దాదాపు అందరూ తెల్లవారే. అక్కడి గీత ఇంకొక చోట ఉంది.

సూ ఫాల్స్ కబేళాలో 1,294 మందికి జబ్బు సోకింది, నలుగురు చనిపోయారు. కార్మిక భద్రతా సంస్థ 2020 సెప్టెంబరులో వేసిన జరిమానా 13,494 డాలర్లు. ఏప్రిల్ 28న అధ్యక్షుడు యుద్ధకాలపు చట్టాన్ని వాడి కబేళాలు తెరిచి ఉంచాలని ఆజ్ఞ ఇచ్చాడు. మాంసం అత్యవసరమయింది కాబట్టి దాన్ని కోసే చేతులూ అత్యవసరమయ్యాయి. ఆ చేతులు ఎక్కువగా లాటిన్ అమెరికా నుంచి, ఆఫ్రికా నుంచి, బర్మా నుంచి వచ్చినవారివి. అందరికీ పంచిన 1,200 డాలర్ల చెక్కు కూడా సామాజిక భద్రతా సంఖ్య లేనివారికి రాలేదు. సూ కౌంటీ పాడి కొట్టాలలో పనిచేసేవారిలోనూ ఇటువంటివారున్నారు. పందుల సొమ్ము పుట్టిన కారణం ధర పడిపోవడం. ధర పడిపోయిన కారణం కబేళా మూతపడడం. కబేళా మూతపడిన కారణం ఈ మనుషులు జబ్బుపడడం. వరుసలో మొదటివారు పట్టికలో లేరు.

వారికీ ఒక పథకం వచ్చింది, ఆలస్యంగా. 2021 సెప్టెంబరులో ప్రకటించి, తర్వాతి రెండేళ్ళలో స్వచ్ఛంద సంస్థల ద్వారా పొలం కూలీలకు, కబేళా కార్మికులకు పంచారు. మనిషికి 600 డాలర్లు. పందికి పదిహేడు చొప్పున లెక్కవేస్తే అది ముప్ఫై అయిదు పందులకు ఇచ్చినంత. నేను ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం అన్యాయమని ఒక మిత్రుడు వాదించాడు. ఒకటి వ్యాపార నష్టానికి పరిహారం, రెండోది కృతజ్ఞత, రెండూ ఒక త్రాసులో తూగవు అని. నిజమే కావచ్చు. కాని రెండూ ఒకే శాఖ ఖజానాలోంచి, ఒకే విపత్తు పేరిట వచ్చాయి. త్రాసు వారిదే, నాది కాదు.

ఇక పైరు రైతుల సంగతి. 2020 శరదృతువు నుంచి మొక్కజొన్న, సోయా ధరలు కోలుకుని ఎగబాకాయి. అయినా డిసెంబరు చట్టం ప్రకారం ఎకరాకు మరో 20 డాలర్లు ఇవ్వాలని నిర్ణయమయింది. కొత్త ప్రభుత్వం వచ్చి కొంత ఆపి, 2021 మార్చిలో సరేనంది. ఆ డబ్బు చేతికందేటప్పటికి మొక్కజొన్న బుషెలు అయిదు డాలర్లు దాటి ఉంది. రెండు విడతలూ పైచేర్పులూ కలిపి పథకం సుమారు 3,100 కోట్లకు చేరింది. ఆపద తీరాక కూడా ఆపద సొమ్ము రావడం ఎవరికి చేదు? అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం ఏటా నవంబరులో భూమి ధరల సర్వే చేస్తుంది. 2020లో సగటు ఎకరం 7,559 డాలర్లు, 2021లో 9,751. ఒక్క ఏడాదిలో 29 శాతం. ధాన్యం ధర, తక్కువ వడ్డీ ముఖ్య కారణాలయితే, ప్రభుత్వ చెల్లింపులను కూడా ఆ సర్వే కారణాలలో చెప్పింది. భూమి ధర పెరిగితే కౌలు పెరుగుతుంది. కౌలుదారు చేతికి వచ్చిన సొమ్ము రెండేళ్ళలో కౌలు రూపంలో జారి భూయజమాని చేతికి చేరుతుంది. అతను ఫ్లారిడాలో విశ్రాంతి తీసుకుంటున్న పాతరైతు కావచ్చు, పొలం మొహం చూడని వారసురాలు కావచ్చు. ముప్ఫై ఏళ్ళ కుర్రవాడెవడయినా కొత్తగా సాగులోకి దిగుదామనుకుంటే ఎకరం అందని పండయింది. చట్టం ఒక గుమ్మంలోంచి ఇచ్చినదాన్ని సంత ఇంకొక గుమ్మంలోంచి పట్టుకుపోయింది.

ఉచితాల వల్ల జనం సోమరులవుతారనే వాదం ఇక్కడా ఉంది, మన దగ్గరా ఉంది. దానితో నాకు పొత్తు లేదు. 2020 వసంతంలో ఆ డబ్బు రాకపోతే సూ కౌంటీలో సొంత పందుల రైతులే ముందు పోయేవారు, వారి కొట్టాలు కంపెనీల ఒప్పందాల కిందకు వెళ్ళేవి. అది ఆగినందుకు నాకు సంతోషమే. నేను అడిగేది ఇంతే. పెంపకందారు అంతకుముందరి ఏళ్ళ రాబడి వివరాలు పన్నుల కాగితాల్లో 2020 మేలో కూడా ఉన్నాయి. 2021లో చూసిన కాగితాలలో అవీ ఉన్నాయి. ఆ పట్టికలో ఒక్క వరుస కలపడానికి కావలసినది కొత్త శాస్త్రమేమీ కాదు, అతను కూడా రైతేనని ఒప్పుకోవడం మాత్రమే. ఒప్పుకోవడానికి కాంగ్రెసు చట్టం కావలసి వచ్చింది.

అప్పుడు నేర్చుకున్నదేమిటో తర్వాతి పథకాలు చెబుతాయి. 2024 డిసెంబరులో కాంగ్రెసు రైతులకు మరి 1,000 కోట్ల డాలర్లు ఇచ్చింది; 2025లో దాన్ని పంచినది ఎకరం లెక్కన, మొక్కజొన్నకు 42 డాలర్ల 91 సెంట్లు, సోయాకు 29 డాలర్ల 76 సెంట్లు. 2025 డిసెంబరులో, సుంకాల తగవులో చైనా సోయా కొనడం ఆపిన తర్వాత, 1,200 కోట్లు ప్రకటించారు. అందులోనూ సింహభాగం పైరు పంటలకు, ఎకరం లెక్కనే. ఈసారి పట్టికలో పందులకు కూడా వరుస లేదు.